పెద్దలతో దూరప్రయాణము: ఉద్దానపు దారిలో అపోహలు – వాస్తవములు

విశాఖపట్టణమునుండి ఇచ్ఛాపురము దిక్కునకు 16వ నంబరు జాతీయ రహదారిపై తల్లినో తండ్రినో కారులో కూర్చుండబెట్టుకొని బయలుదేరువారికి బంధువులు చెప్పు జాగ్రత్తలలో కొన్ని పెద్దలను నిష్కారణముగా బాధించునట్టివి.

అపోహ: మాటిమాటికి బండి ఆపవలసివచ్చును గావున పెద్దలు నీరు తక్కువ త్రాగవలెను.

వాస్తవము: వార్ధక్యమున దాహము సహజముగనే మందగించును. అట్టివారికి అడిగి ఇవ్వవలసిన నీటిని మాన్పించినచో రక్తపోటు పడిపోయి కండ్లు తిరుగును, మూత్రపిండములకు శ్రమ కలుగును. ఆగుట వలన మరియొక మేలును గలదు. కాళ్లలో రక్తము గడ్డకట్టుట విమానయానమునకే పరిమితమని పలువురి తలంపు. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుండు ప్రయాణము, అది కారులోనైనను బస్సులోనైనను, ఆ ముప్పును సుమారు రెండింతలు చేయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించినది. కావున టెక్కలి దాటకముందే పెద్దలను దించి నాలుగడుగులు నడిపింపుడు. చలికాలమైనచో నౌపడకు చేరువనున్న తేలినీలాపురమున గూడబాతులను చూపింపుడు. (అవి సైబీరియానుండి వచ్చునని చెప్పుకొందురు గాని, అచట గూడుకట్టు మచ్చలముక్కు గూడబాతు మన దక్షిణాసియా పక్షియే.)

అపోహ: ఉద్దానమున గ్రుక్కెడు నీరు త్రాగినను మూత్రపిండములు చెడును, అచటి రోగుల యింట భుజించినచో వ్యాధి అంటుకొనును.

వాస్తవము: ఈ మాట నన్ను మిక్కిలి నొప్పించును. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మున్నగు ఉద్దానపు మండలములను దశాబ్దములుగా పీడించుచున్న ఆ మూత్రపిండముల వ్యాధి అంటురోగము కాదు. ఏండ్ల తరబడి మెల్లమెల్లగా ముదురునది. నీటిలోని ఖనిజములు, పురుగుమందులు, మండుటెండలో సేద్యపు శ్రమ మున్నగువానినెన్నింటినో శాస్త్రజ్ఞులు పరిశీలించినను, కారణమిదియే యని నేటికిని తేలలేదు. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టముల ద్వారా తెచ్చు పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రియును 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. ఎన్నాళ్లకో పుట్టినూరు చూడవచ్చిన తల్లి చేతికి చెల్లెలందించిన నీళ్లచెంబును బిడ్డలే అడ్డుకొనుట ఎంత క్రూరము!

అపోహ: బయలుదేరుటకు ముందొక నొప్పిమాత్ర మ్రింగినచో నడుము పట్టదు.

వాస్తవము: నిజముగా భయపడవలసినది దీనికే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మూత్రపిండములకు పోవు రక్తమును తగ్గించును. నీరు చాలని దేహమునందును, రక్తపోటు మందులు వాడువారియందును ఆ హాని హెచ్చును. వైద్యునడుగక వానినీయరాదు; నడుము వెనుక చిన్న దిండు నుంచి, గంటగంటన్నరకొకసారి బండి ఆపుడు.