‘కనీసం’ అన్న మాట మరవకండి

భిలాయి పాఠకుడొకరు అడిగారు: జీ.ఈ. రోడ్డు మీద మనిషిని గుద్దిన కారు ఎంత వేగంతో వచ్చిందో టైర్ల చారలు చూసి చెప్పొచ్చా అని. చెప్పొచ్చు. కాకపోతే వచ్చిన అంకెకు ముందు ‘కనీసం’ అని చేర్చాలి.

చక్రం బిగుసుకుని టైరు రోడ్డును రాసుకుంటూ జారితే కారు గతిశక్తి రాపిడిలో ఖర్చయిపోతుంది. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి, రాపిడి చేసే పని చార పొడవును బట్టి ఉంటాయి. బరువు రెండువైపులా ఉంది కనక కొట్టుడుపోతుంది. చదునైన రోడ్డయితే చార పొడవును మీటర్లలో కొలిచి, ఘర్షణ గుణకంతో గుణించి, వర్గమూలం తీసి, 15.9తో హెచ్చిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. పొడి తారురోడ్డుకు గుణకం సుమారు 0.7. అంటే 20 మీటర్ల చారకు దాదాపు 60. గుణకం 0.6 అనుకున్నా 55కి దిగుతుందంతే. వర్గమూలం పొరపాటును సగం చేస్తుంది. (భిలాయిలో తయారయ్యే పట్టాల మీద ఉక్కు చక్రానికి గుణకం 0.1 దొరికితే, అదే 60 వేగం చావడానికి 140 మీటర్లు కావాలి.)

అసలు రుచి ఇక్కడుంది. మనిషిని గుద్దినచోట ఒక్కోసారి అతని చెప్పు రాసుకున్న గీత రోడ్డు మీద మిగులుతుంది. 20 మీటర్ల చార చివర కారు ఆగిపోయింది, చెప్పు గీత 12వ మీటరు దగ్గరుంది అనుకుందాం. మిగిలిన దూరం ఐదింట రెండు వంతులే కదా, గుద్దినప్పటి వేగం 60లో ఐదింట రెండు వంతులు, అంటే 24 అని లెక్కకట్టేవాళ్లున్నారు. శుద్ధ తప్పు. మిగిలిన 8 మీటర్లకు సూత్రం 38 చూపిస్తుంది. మొదటి 12 మీటర్లలో తగ్గింది 22 మాత్రమే! మనిషి బరువు కారు ముందు స్వల్పం కాబట్టి గుద్దుడుతో దాని వేగం పెద్దగా పోదు. ఇంకోటి: 50తో వచ్చిన కారు, 60తో వచ్చిన కారు ఒకే చోట బ్రేకు వేస్తే, మొదటిది ఆగిపోయే చోట రెండోది ఇంకా 33తో దూసుకుపోతుంటుంది.

లోడు లారీ ఎక్కువ దూరం జారదా అంటారు. జారుతుంది, కానీ బరువు వల్ల కాదు. లారీ టైరు పట్టు తక్కువ కాబట్టి. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉంటే చారే పడదుగా అన్నది గట్టి ఆక్షేపణ. నిజమే, చార పలచబడుతుంది, ఒక్కోసారి అసలు కనపడదు. చార లేదంటే వేగం లేదని కాదు. అప్పుడు మనిషి ఎంత దూరాన పడ్డాడో కొలిచి 1983 నాటి సర్ల్ సూత్రంతో లెక్క కట్టాలి. అక్కడా వచ్చేది కనీస వేగమే. ఇక చార ఉన్నచోట, అది మొదలవక ముందే బ్రేకు కొంత వేగాన్ని తినేస్తుంది కాబట్టి అసలు వేగం మన అంకెకన్నా ఎక్కువే ఉంటుంది.

‘హై స్పీడులో వచ్చాడు’ అన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువు కాదని కర్ణాటక రాష్ట్రం, సతీష్ కేసులో 1998లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఎంత వేగమో సాక్షి చెప్పలేడు, కొలత టేపు చెబుతుంది. దర్యాప్తు చేసేవారికి ఒక్క మనవి: చార రెండు కొసలకూ, చెప్పు గీతకూ సుద్దతో గుర్తుపెట్టి, కొలిచి, ఫోటో తీసిన తర్వాతే ట్రాఫిక్ వదలండి.