అంట్ల మిషన్ మొరాయిస్తే...

వంట చేయడం ఒక ఎత్తు, ఆ తర్వాత అంట్లు తోమడం మరో ఎత్తు. 2020లో లాక్‌డౌన్ వచ్చి పనిమనుషులు రాలేకపోయిన నెలల్లో మన ఊళ్ళలో చాలామంది డిష్‌వాషర్ కొనుక్కున్నారు. ఏడాదో రెండేళ్ళో బాగానే పనిచేసి, ఒకనాడు అది మొరాయిస్తుంది. మెకానిక్ ఇవాళ, రేపు అంటాడు. ఈలోగా అంట్లన్నీ మళ్ళీ ఇంట్లో పెద్దావిడ చేతికే వస్తాయి. చివరికి ఆ మిషన్ గిన్నెలు దాచుకునే బీరువా అయిపోతుంది. నిజానికి అది పెట్టే పేచీల్లో చాలావాటిని మెకానిక్ అవసరం లేకుండా ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

ఈ యంత్రానికి 1886లో అమెరికాలో పేటెంటు పొందినది జోసెఫిన్ కాక్రేన్ అనే గృహిణి. పింగాణీ పళ్ళేలు పగలకుండా కడగాలన్నది ఆమె తాపత్రయం. మన మూకుళ్ళూ, పప్పు గిన్నెలూ, పోపు ఆవాలూ ఆమె లెక్కలో లేవు. మన ఇళ్ళలో వచ్చే తంటాలు సగం అక్కడే మొదలవుతాయి.

ముందుగా ఒక హెచ్చరిక. మిషన్‌లో చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆపి, ప్లగ్ ఊడదీసి, నీళ్ళ కుళాయి కట్టేయండి. అప్పుడే కడగడం ఆగితే లోపల వేడిగా ఉంటుంది, కాసేపు చల్లారనివ్వండి.

నీళ్ళు బయటికి పోకపోతే

అడుగున జల్లెడ కింద కాసిని తేట నీళ్ళు ఉండటం మామూలే. మురికి నీళ్ళు పైకి నిలిచాయంటేనే అడ్డం పడినట్టు. జల్లెడను తిప్పి పైకి తీసి, కుళాయి కింద పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. మెతుకులు, ఆవాలు, మునక్కాడ పీచు, కరివేపాకు అన్నీ అక్కడే చేరతాయి. ఆ గుంటలో గాజు పెంకులు ఉండవచ్చు కనుక చేతికి తొడుగు వేసుకోండి. తర్వాత వెనక మురుగు పైపు చూడండి. మిషన్‌ను గోడకు నెట్టినప్పుడు అది మడతపడి ఉంటుంది. సింకు కింద అది కలిసే చోట జిడ్డు పేరుకున్నా ఇదే తంతు.

నీళ్ళు లోపలికి రాకపోతే

కుళాయి పూర్తిగా తిప్పారా? పైపు మెలిక పడిందా? పైపు బిగించే మూతిలో సన్నని వల ఉంటుంది. ట్యాంకు కడిగిన మర్నాడు ఇసుక, తుప్పు వచ్చి అక్కడ నిలుస్తాయి. దాన్ని తీసి కడగండి. పై అంతస్తువాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. మిషన్‌తో ఇచ్చే పుస్తకంలో కనీస నీటి ఒత్తిడి రాసి ఉంటుంది. అది 0.5 బార్ అని ఉంటే, ట్యాంకులో నీళ్ళు కుళాయికి సుమారు 5 మీటర్ల పైన ఉండాలని అర్థం.

గిన్నెలు శుభ్రపడకపోతే

లోపల గిర్రున తిరిగే రెక్కలకు సన్నని రంధ్రాలుంటాయి. రెక్క ఊడదీసి, అగ్గిపుల్లతోనో సూదితోనో ఆ రంధ్రాలు పొడవండి. గిన్నెలు సర్దాక రెక్కను చేత్తో ఒకసారి తిప్పి చూడండి. పొడుగు గరిటె అడ్డం వస్తే నీళ్ళు సగం గిన్నెలకే అందుతాయి. గిన్నెలు బోర్లా పెట్టాలి, ఒకదానిలో ఒకటి దూర్చకూడదు.

తెల్లటి పొర కడితే

ఇది నీళ్ళ గుణం. బెంగళూరులో కావేరి నీళ్ళు వచ్చే ఇంటికీ, అదే వీధిలో బోరు నీళ్ళు వాడే ఇంటికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. చాలా మిషన్లలో నీటి కాఠిన్యాన్ని తగ్గించే అర ఉంటుంది. దానికి డిష్‌వాషర్ ఉప్పే పొయ్యాలి. కూరలో వేసే అయోడిన్ ఉప్పులో, గడ్డకట్టకుండా కలిపే పొడి ఉంటుంది, అది పనికిరాదు. ఉప్పు పోసేటప్పుడు ఒలికితే తుడిచి, వెంటనే మిషన్ ఒకసారి నడపండి. లేకపోతే తుప్పు పడుతుంది. సింకు దగ్గర వాడే సబ్బు ద్రావకం మాత్రం ఎప్పుడూ పొయ్యకండి. నురగ పొంగి అడుగుకి కారుతుంది.

సత్తు గిన్నెలు నల్లబడతాయి, ఇనుప పెనం తుప్పు పడుతుంది, ఇత్తడి మెరుపు పోతుంది. వాటిని చేత్తోనే తోముకోవాలి.

మన చేతిలో లేనివి

అడుగు పళ్ళెంలో నీళ్ళు చేరితే కొన్ని మిషన్లు తమంతట తామే ఆగిపోయి, మోటారు మాత్రం నీళ్ళు తోడుతూనే ఉంటుంది. మిషన్‌ను వంచి ఆ నీళ్ళు పారబోస్తే మళ్ళీ నడుస్తుంది కానీ, కారడం ఆగదు. అలా వంచి నడపకండి. ముట్టుకుంటే షాకు కొట్టినా, కాలిన వాసన వచ్చినా, ఫ్యూజు పోతున్నా అడుగు పలక విప్పకండి. ప్లగ్ తీసేసి మెకానిక్‌ను పిలవండి. వచ్చేముందే మిషన్ మీద కనబడే అంకెలు, అక్షరాలు రాసి ఉంచితే అతను సరైన సామాను తెస్తాడు.

చివరగా ఒక మాట. మిషన్ పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. మెకానిక్ కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో మాట్లాడతాడు. పగలంతా ఇంట్లో ఉండే అమ్మమ్మకో, అత్తగారికో వచ్చింది తెలుగు. పిల్లల చేత ఏ మీట దేనికో, జల్లెడ ఎలా తియ్యాలో ఒక కాగితం మీద తెలుగులో రాయించి, వంటింటి అలమర తలుపుకి అంటించండి. జల్లెడ కడిగే రోజు వారానికి ఒకటి పెట్టుకోండి. పిల్లలకు తెలుగు రాత కాస్త సాగుతుంది, పెద్దావిడకు రాత్రి పూట సింకు దగ్గర నిలబడే పని తప్పుతుంది.