నడిచాకే భోజనం!

హాంకాంగ్ అనగానే ఆకాశాన్నంటే భవనాలే గుర్తొస్తాయి కదూ! సెంట్రల్‌లోని నాలుగో నంబరు రేవులో ఫెర్రీ ఎక్కితే మాత్రం అరగంటలో ఆ హడావుడంతా వెనకబడిపోతుంది. అదే లామా దీవి. విస్తీర్ణం 13 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడ కార్లుండవు. సామాన్లు మోసే బుల్లి బండ్లు సందుల్లో డుగుడుగుమంటుంటాయి, అంతే.

శనివారం సాయంత్రం యుంగ్ ష్యూ వాన్ ఊళ్లో తిరిగి, రాత్రికి అక్కడే ఉండిపోండి. ఆదివారం అవతలి తీరంలోని సోక్ క్వు వాన్‌కి కొండల మీదుగా నడక. సిమెంటు బాటే కాబట్టి పిల్లలూ నడవగలరు. గంటన్నర చాలు. దారిలో హుంగ్ షింగ్ యే బీచి, దానికి దగ్గర్లోనే కరెంటు కేంద్రం పొగగొట్టాలు మూడు! ఫొటో పాడైందని విసుక్కోకండి, హాంకాంగ్ దీవికి వెలుగు ఇక్కణ్నుంచే.

సోక్ క్వు వాన్‌లో నీటి ఒడ్డునే హోటళ్లు. తొట్టెల్లో ఈదుతున్న చేపని చూపిస్తే తూకం వేసి వండిపెడతారు. వండమనేముందే ధర అడగాలి, లేదంటే బిల్లు చూశాక ముద్ద దిగదు! అల్లం, ఉల్లికాడలు వేసి ఆవిరిమీద ఉడికించిన చేప మన కారపు నాలుకకి మొదట చప్పగానే ఉంటుంది. రెండో ముద్దకి రుచి తెలుస్తుంది.

అయితే అదంతా ఎదురుగా ఉన్న సముద్రంలో పట్టిందే అనుకోవద్దు. హాంకాంగ్‌లో అమ్మే బతికున్న చేపల్లో చాలావరకు దిగుమతి సరుకే. ట్రాల్ వలలు సముద్రపు అడుగును ఊడ్చేయడంతో 2012 డిసెంబరు 31 నుంచి తన జలాల్లో వాటిని నిషేధించింది హాంకాంగ్. అఖాతంలో తేలుతున్న తెప్పలు చేపల్ని పెంచే మళ్లు. ఎక్కడి చేపో అడిగి తినండి.

ఈ రేవు నుంచి ఫెర్రీలు తక్కువ. వేళ చూసుకున్నాకే రెండో ప్లేటు చెప్పండి.