వల వదిలి, వెంట నడిచి

క్రైస్తవ విశ్వాసంలో శిష్యత్వం అంటే యేసుక్రీస్తు వెంట నడవడం. తెలుగు బైబిలు దీనికి ‘వెంబడించడం’ అనే మాట వాడింది. మామూలు వాడుకలో ఆ మాటకు తరమడమనే అర్థం స్థిరపడినా, చర్చిలో పెరిగినవారికి మాత్రం ముందు నడిచేవారి అడుగు చూసుకుంటూ తన అడుగు వేయడమనే తోస్తుంది. కొత్త నిబంధన గ్రీకు మూలంలో శిష్యుడిని ‘మథేతేస్’ అన్నారు. నేర్చుకునేవాడు అని దాని అర్థం. సువార్తల్లో, అపొస్తలుల కార్యములలో ఆ మాట దాదాపు 260 సార్లు వస్తుంది. ‘క్రైస్తవుడు’ అనే మాట కొత్త నిబంధన మొత్తం వెతికినా 3 చోట్లే కనిపిస్తుంది. శిష్యులను క్రైస్తవులని మొట్టమొదట పిలిచింది అంతియొకయ పట్టణంలో. అంటే శిష్యులన్న పేరు ముందు, క్రైస్తవులన్న పేరు తర్వాత. ఈ వరస మరిచిపోయినప్పుడల్లా సంఘం పలచబడింది.

గురువు దగ్గర చేరి చదువుకోవడం ఆనాటి యూదులకు కొత్త కాదు. మంచి రబ్బీ ఎక్కడున్నాడో వాకబు చేసుకుని శిష్యుడే వెళ్లేవాడు. పౌలు గమలీయేలు పాదాల దగ్గర ధర్మశాస్త్రం నేర్చింది అలాంటి పద్ధతిలోనే. చదువు ముగిశాక శిష్యుడూ గురువై కూర్చునేవాడు. యేసు దగ్గర ఇది తిరగబడింది. ఆయనే వెళ్లి పిలిచాడు. గలిలయ సరస్సులో వల వేస్తున్న సీమోను పేతురును, అతని సోదరుడు అంద్రెయను పిలిచాడు. పడవలో వలలు బాగుచేసుకుంటున్న యాకోబు, యోహానులను పిలిచాడు. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న లేవిని పిలిచాడు. యాకోబు, యోహానులు తమ తండ్రి జెబెదయిని కూలివాళ్లతో సహా పడవలోనే విడిచి వెళ్లారని మార్కు సువార్త చెబుతుంది. కూలీలను పెట్టుకునేంత ఆదరువున్న కుటుంబం, చేతిలో వృత్తి, ఎదురుగా కన్నతండ్రి. ఆ అన్నదమ్ములు ఏం వదిలి వెళ్లారో ఆ కాస్త వివరంలోనే తెలిసిపోతుంది. ఇక ఈ బడిలో చదువు పూర్తవడమంటూ లేదు. రబ్బీలని పిలిపించుకోవద్దని యేసు వారితో చెప్పాడు. పేతురైనా యోహానైనా కడదాకా శిష్యుడే.

పన్నెండుగురి పేర్లు అందరికీ తెలుసు గానీ వెంట నడిచినవారు అంతకంటే చాలా ఎక్కువ మంది. మగ్దలేనే మరియ, యోహన్న, సూసన్న తమ సొంత ఆస్తితో ఆ బృందాన్ని పోషించారని లూకా రాశాడు. బేతనియలో మార్త వంటపనిలో సతమతమవుతుంటే ఆమె సోదరి మరియ యేసు పాదాల దగ్గర కూర్చుని వింది. పాదాల దగ్గర కూర్చోవడం ఆ రోజుల్లో శిష్యుడి స్థానం. స్త్రీకి ఆ స్థానం ఇచ్చి, దాన్ని ఆమె దగ్గర్నుంచి తీసివేయకూడదని ఆయన చెప్పడం చిన్న విషయం కాదు. యొప్పేలో విధవరాళ్లకు బట్టలు కుట్టిపెట్టిన తబితాను అపొస్తలుల కార్యములు సూటిగా ‘శిష్యురాలు’ అనే పిలుస్తుంది.

వెంట వస్తామన్నవారందరినీ యేసు చేరదీసుకోలేదు. ముందు ఖర్చు లెక్క చూసుకోమన్నాడు. గోపురం కట్టదలచినవాడు పునాది వేశాక డబ్బు చాలక నవ్వులపాలు కాకూడదన్న ఉపమానం అందుకే చెప్పాడు. నాగలి మీద చెయ్యి వేసి వెనక్కి చూసేవాడి గురించి చెప్పిన మాట దుక్కి దున్నినవారికి వెంటనే అర్థమవుతుంది. చూపు మళ్లితే చాలు, సాలు వంకర పోతుంది. ఆస్తి అమ్మి బీదలకిచ్చి రమ్మంటే ధనవంతుడైన యువకుడు దిగులుగా వెళ్లిపోయాడు. యేసు అతన్ని ప్రేమించాడని మార్కు రాశాడు. అయినా పిలుపు తీవ్రతను తగ్గించి అతన్ని వెనక్కి పిలవలేదు. సిలువ ఎత్తుకొని రమ్మన్న మాటనూ ఆ కాలం చెవులతో వినాలి. రోమా పాలనలో సిలువ మోస్తున్న మనిషి అంటే తిరిగి ఇంటికి రాని మనిషి. సిలువ మెడలో ఆభరణంగా మారాక ఆ మాటలోని భయం చాలామందికి అందకుండా పోయింది.

ఇంత కఠినమైన పిలుపు అందుకున్నవారు పడిపోకుండా నిలిచారా అంటే, లేదు. సువార్తలు దాన్ని దాచలేదు. యేసును బంధించిన రాత్రి చలిగా ఉంది. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట దాసులు బొగ్గుల మంట వేసుకుని చలి కాచుకుంటుంటే పేతురూ వారితో నిలబడ్డాడు. ఆ రాత్రే యేసు ఎవరో తనకు తెలియదని మూడుసార్లు బొంకాడు. పునరుత్థానం తర్వాత గలిలయ సరస్సు ఒడ్డున మళ్లీ బొగ్గుల మంట కనిపిస్తుంది. ఈసారి మంట వేసింది యేసు. దానిమీద చేప, పక్కన రొట్టె. భోజనమయ్యాక తనను ప్రేమిస్తున్నావా అని పేతురును మూడుసార్లు అడిగి, మూడుసార్లూ తన గొర్రెల బాధ్యత అప్పగించాడు. బొగ్గుల మంటకు యోహాను వాడిన గ్రీకు మాట కొత్త నిబంధనలో ఈ రెండు చోట్లే ఉంది. బొంకిన నోటితోనే ప్రేమను చెప్పించి, మళ్లీ తన వెంట రమ్మనడం క్రైస్తవ శిష్యత్వానికి గుండెకాయ. అది లేకపోతే మిగిలేది నియమావళి ఒక్కటే.

యేసు చివరిగా అప్పగించిన పని సమస్త జనులను శిష్యులుగా చేయడం. బాప్తిస్మం ఇవ్వడం, ఆయన ఆజ్ఞాపించినవన్నీ పాటించేలా నేర్పడం ఆ పనిలో భాగాలు. తొలి సంఘం దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. 3వ శతాబ్దంలో కొన్ని సంఘాల్లో బాప్తిస్మానికి ముందు మూడేళ్ల శిక్షణ ఉండేది. ఆ శిక్షణలో ఉండగా పట్టుబడిన పెర్పెతువ అనే యువతి, చంటిబిడ్డ తల్లి, 203లో కార్తేజిలో ప్రాణం ఇచ్చింది. క్రైస్తవం రాజమతమయ్యాక సభ్యత్వం సులువైంది. లోతైన శిష్యత్వం సన్యాసి మఠాలకే పరిమితమన్న భావం పెరిగింది. చెప్పులు కుట్టేవాడికీ పాలు పితికే మనిషికీ దేవుని పిలుపు ఉందని లూథరు 16వ శతాబ్దంలో గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

20వ శతాబ్దంలో ఈ విషయాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చినవాడు జర్మన్ పాస్టరు డీట్రిక్ బాన్‌హోఫర్. నాజీల అడుగులకు మడుగులొత్తని సంఘం కోసం 1935 నుంచి ఫింకెన్‌వాల్డేలో యువ పాస్టర్లకు శిక్షణ ఇచ్చాడు. 1937లో గెస్టపో ఆ బడిని మూసేసింది. అదే ఏడాది ఆయన పుస్తకం ‘నాఖ్‌ఫోల్గె’ వెలువడింది. ఆ జర్మన్ మాటకు అర్థం వెంట నడవడమే. విధేయత అడగకుండా క్షమాపణ పంచిపెట్టే బోధను ఆయన చవక కృప అన్నాడు. 1939లో అమెరికా చేరి, అక్కడ సురక్షితంగా ఉండిపోయే వీలున్నా కొద్ది వారాలకే తిరిగొచ్చాడు. 1943లో అరెస్టయ్యాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లాసెన్‌బర్గ్ శిబిరంలో ఉరి తీసేనాటికి ఆయన వయసు 39 ఏళ్లు.

తెలుగు నేల మీద శిష్యత్వపు ఖర్చు లెక్క చూసుకున్నవారు ఎక్కువగా పేదలు. 1860ల్లో ఒంగోలు సీమలో తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య, రాజయోగం అభ్యసించినవాడు, క్రీస్తును నమ్మి భార్య నాగమ్మతో కలిసి మాదిగపల్లెల్లో సువార్త చెప్పాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర చేరినవారికి నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. వినడానికి చిన్నవే. జాతరలో డప్పు కొట్టననీ, ఆదివారం పనికి రాననీ మాదిగవాడు చెప్పడమంటే ఊరి పెద్దలతో తగవు, పోగొట్టుకునే కూలి, కొన్నిచోట్ల దెబ్బలు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. సాయం కోసం చేరారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నదిలో దిగి ఆ బాప్తిస్మాలు ఇచ్చింది తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున.

దోర్నకల్‌లో బాప్తిస్మాన్నే బాధ్యతగా మార్చినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు, తెలుగు నేర్చుకుని 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. బాన్‌హోఫర్ మరణించిన 1945లోనే, జనవరి 1న కన్నుమూశాడు. ఆయన చేతుల మీద బాప్తిస్మం పొందినవారిలో చాలామంది అక్షరం ముక్క రాని కూలీలు. నీళ్లు పడిన వెంటనే వారు తమ చెయ్యి తమ తలమీద పెట్టుకునేవారు. తాము పొందిన సువార్తను ఇతరులకు చెప్పకపోతే తమకు శ్రమ తప్పదని పౌలు అన్న మాటను సంఘం ముందు తమ నోటితోనే ఒప్పుకునేవారు.