పొగను పట్టే యంత్రం.. పత్రికలు చూపే రూపాలు

విద్యుత్ కేంద్రాలు, సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలో కలవకుండా పట్టి, పైపుల్లో తరలించి, భూమి పొరల్లో దాచడమే కార్బన్ క్యాప్చర్. వార్తల్లో మాత్రం దీనికి ఒకే రూపం లేదు. నార్వేలో ఇది దేశం తలపెట్టిన భారీ ప్రాజెక్టు. నెదర్లాండ్స్‌లో ఇళ్ల కింద దాచే వాయువు. అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో పొలం మీదుగా వెళ్లే పైపులైను. ఆ వాయువు పాఠకుడి గడపకు ఎంత దగ్గరగా వస్తుందన్న దాన్ని బట్టి వార్త స్వరం మారుతోంది.

1996లో నార్వే తన స్లైప్నర్ గ్యాస్ క్షేత్రం దగ్గర ఉత్తర సముద్రం అడుగున ఈ వాయువును నింపడం మొదలుపెట్టింది. 2007లో ప్రధాని యెన్స్ స్టోల్టెన్‌బర్గ్ మోంగ్‌స్టాడ్ కార్బన్ క్యాప్చర్ ప్రాజెక్టును చంద్రుడిపై అడుగుపెట్టడంతో పోల్చారు. 2013లో ఆ భారీ ప్రణాళిక రద్దయింది. నెదర్లాండ్స్‌లోని బారెండ్రెక్ట్ పట్టణం కింద వాయువు దాచాలన్న షెల్ కంపెనీ ప్రతిపాదనను స్థానికుల వ్యతిరేకత 2010లోనే ఆపేసింది.

సటార్షియా చెప్పిన నిజం

ఇలాంటి ప్రాజెక్టుల ప్రారంభోత్సవ కథనాలన్నిటి కంటే ఎక్కువ చెప్పే పత్రం ఒకటుంది. అది అమెరికా పైపులైన్ల భద్రతా సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాద నివేదిక. 2020 ఫిబ్రవరి 22న మిసిసిపీ రాష్ట్రంలోని సటార్షియా అనే చిన్న ఊరి దగ్గర డెన్‌బరీ కంపెనీ కార్బన్ డయాక్సైడ్ పైపులైను పగిలింది. భారీ వర్షాలకు మట్టి జారి, పైపు అతుకు తెగింది. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనది కావడంతో పైకి పోకుండా పల్లానికి పాకింది. ఆక్సిజన్ అందక కార్ల ఇంజన్లు ఆగిపోయాయి. సుమారు 200 మందిని ఊరు దాటించారు. 45 మంది ఆసుపత్రికి వెళ్లారు. ఎవరూ చనిపోలేదు. వాయువు ఎంత దూరం వ్యాపిస్తుందో కంపెనీ తక్కువగా అంచనా వేసిందని, ఈ ముప్పు గురించి స్థానిక సహాయ సిబ్బందికి ముందుగా తెలియజేయలేదని నివేదిక తేల్చింది.

ఈ ఊరి అనుభవాన్ని 2021లో హఫ్‌పోస్ట్ పరిశోధనాత్మక కథనం దేశమంతటికీ వినిపించింది. ఆ తర్వాత అయోవా, సౌత్ డకోటాల్లో కార్బన్ పైపులైన్లపై చర్చ జరిగినప్పుడల్లా సటార్షియా పేరు వస్తూనే ఉంది. కార్బన్ పైపులైన్ల కోసం రైతుల భూమిని బలవంతంగా సేకరించడాన్ని సౌత్ డకోటా 2025లో నిషేధించింది. అయితే సటార్షియా దగ్గర లీకైనది పొగగొట్టంలో పట్టిన వాయువు కాదు. చమురు వెలికితీత కోసం తరలిస్తున్న సహజ నిక్షేపాల వాయువు. ఈ తేడా చెప్పని వార్త పాఠకుడికి సగమే చెప్పినట్టు. పైపులో వెళ్లే వాయువు ఒకటే కాబట్టి, ఆ తేడా చూపి ముప్పును కొట్టిపారేసే వార్తా సగమే చెప్పినట్టు.

భారత్‌లో ఇంకా పెద్ద ఎత్తున భూగర్భ నిల్వ లేదు. అందుకే ఇక్కడి కథనాలు వాయువు వినియోగం చుట్టూ తిరుగుతాయి. తూత్తుకుడిలో దానితో సోడా యాష్ తయారీ, వింధ్యాచల్ ఎన్టీపీసీలో రోజుకు 20 టన్నులు పట్టే ప్లాంటు ఇందుకు ఉదాహరణలు. నిల్వ ఊళ్ల కిందికి వచ్చిన రోజున ఇక్కడి పత్రికలూ బారెండ్రెక్ట్‌లో స్థానికులు లేవనెత్తిన ప్రశ్నలే అడగాలి.

బాక్సు: సామర్థ్యం వేరు, పనితీరు వేరు

• కెనడాలో బౌండరీ డ్యామ్ బొగ్గు విద్యుత్ యూనిట్ 2014లో ఘనంగా మొదలైంది. అందులో వాయువును పట్టే ప్లాంటు 40 శాతం సమయమే పనిచేస్తోందని 2015లో బయటపడిన అంతర్గత పత్రాలు చూపాయి.

• ఆస్ట్రేలియా గోర్గాన్ ప్రాజెక్టులో గ్యాస్ ఎగుమతులు 2016లో మొదలైతే, వాయువును భూమిలో నింపడం 2019లో గానీ మొదలవలేదు.

• ప్రపంచంలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే సామర్థ్యం ఏటా సుమారు 5 కోట్ల టన్నులు. ఇంధన రంగం నుంచి వెలువడేది 3,700 కోట్ల టన్నులకు పైనే.