పురుటింట్లో కీమో: ఎవరికి ఏ జాగ్రత్త?

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆనవాయితీ. బిడ్డకు నీళ్లు పోయడం, బాలింతకు పథ్యం వండిపెట్టడం, రాత్రిపూట బిడ్డ ఏడిస్తే ఎత్తుకుని తిప్పడం, అన్నీ అమ్మమ్మ పనులే. సరిగ్గా ఆ రోజుల్లోనే అమ్మమ్మకు రొమ్ము క్యాన్సరని తేలి కీమో మొదలైతే ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. బిడ్డను ఆమెకు దూరంగా ఉంచాలా? కూతురు అత్తగారింట్లోనే ఉండిపోతే మంచిదా? ఆ మందుల ప్రభావం పసిబిడ్డ మీద పడుతుందా?

ముందు భయం సంగతి చూద్దాం. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. కీమో తీసుకునే మనిషి బిడ్డను ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు. రేడియేషన్ యంత్రం కింద చికిత్స పొంది వచ్చినవారి ఒంట్లో కిరణాలేమీ మిగిలి ఉండవు. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే రేడియో అయోడిన్ మందు విషయం వేరు. అది తీసుకున్నాక డాక్టర్లు చెప్పినన్ని రోజులు పసిపిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండాల్సిందే. పెట్ స్కాన్ చేయించుకున్న రోజు కూడా కొన్ని గంటలు ఎడంగా ఉండమంటారు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది మలమూత్రాలు, వాంతుల దగ్గర. కీమో మందుల్లో చాలావరకు దాదాపు 48 గంటల పాటు వీటిలో బయటికి పోతాయి. కొన్ని మందులకు ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. ఎన్నాళ్లన్నది కీమో వార్డు నర్సును అడిగి తెలుసుకోవాలి. ఆ రోజుల్లో రోగి వాడిన టాయిలెట్‌ను రెండుసార్లు ఫ్లష్ చేయాలి. మాసిన దుప్పట్లు విడిగా ఉతకాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఈ పనులు పాలిచ్చే తల్లి చేయకూడదు. భర్తో, తమ్ముడో, నాన్నో అందుకోవాలి.

రెండో వైపు నుంచీ ఆలోచించాలి. కీమోతో అమ్మమ్మకు తెల్ల రక్తకణాలు పడిపోతాయి. నెలల బిడ్డకు రోగనిరోధక శక్తి ఇంకా కుదురుకోలేదు. అంటే ఆ ఇంట్లో ఇన్ఫెక్షన్‌ను తట్టుకోలేనివారు ఇద్దరు. ఇద్దరికీ హద్దు కూడా ఒకటే. థర్మామీటర్‌లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ కనిపిస్తే, అది కీమోలో ఉన్న మనిషైనా మూడు నెలల్లోపు బిడ్డైనా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డాక్టర్‌కు చెప్పకుండా పారాసిటమాల్ ఇచ్చి జ్వరాన్ని అణచకూడదు. బిడ్డ ఒళ్లు చల్లబడినా, పాలు తాగడం మానేసినా అంతే తొందరపడాలి.

బిడ్డ టీకాలు ఆపొద్దు. కాకపోతే పిల్లల డాక్టర్‌కు ఇంట్లో కీమో నడుస్తోందని ముందే చెప్పాలి. ప్రభుత్వ పట్టిక ప్రకారం పుట్టగానే, ఆ తర్వాత 6, 10, 14 వారాలకు పోలియో చుక్కలు వేస్తారు. 6, 10, 14 వారాల విడతల్లోనే రోటావైరస్ చుక్కలూ ఇస్తారు. ఈ రెండింటిలోనూ బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది. అది కొన్నాళ్లు బిడ్డ మలంలో బయటికి వస్తుంది. పోలియోకు చుక్కల బదులు ఇంజెక్షన్‌తో సరిపెట్టవచ్చేమో డాక్టర్‌ను అడగండి. ఏదేమైనా ఆ వారాల్లో డయపర్లు, మలం గుడ్డలు మార్చే పని అమ్మమ్మకు అప్పగించకూడదు. మార్చినవారు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఆమెకు అన్నం వడ్డించాలి.

ఇక క్యాలెండర్. చాలా రకాల కీమో 21 రోజులకోసారి ఇస్తారు. సాధారణంగా మొదటి నాలుగైదు రోజులు వికారం, నీరసం. సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా రక్తకణాలు బాగా తగ్గి ఉంటాయి. మూడో వారం కాస్త తేరుకుంటారు. అందుకే బారసాల ఆ మూడో వారంలో, కొద్దిమందితో పెట్టుకోవడం మేలు. ముహూర్తం పెట్టే పంతులుగారికీ ఈ సంగతి చెప్పవచ్చు. జలుబూ దగ్గూ ఉన్నవాళ్లనూ, ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోసినవారినీ తర్వాత రమ్మనండి. బిడ్డకు ముద్దులు పెట్టవద్దని మొహమాటం లేకుండా చెప్పండి.

ఇన్ని లెక్కల మధ్య మరుగున పడేది బాలింతే. తల్లి జబ్బు, బిడ్డ ఏడుపు, నిద్రలేని రాత్రులు మూడూ కలిసి ఆమెను కుంగదీస్తాయి. అమ్మకు జబ్బన్న సంగతి కూతురికి తెలియనివ్వకుండా దాచే ఇళ్లున్నాయి. దాస్తే తర్వాత తెలిసి మరింత కుంగిపోతుంది. రెండు వారాలు దాటినా ఏడుపు, నిరాశ తగ్గకపోతే అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. చికిత్స ఉంది. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. బిడ్డకు గానీ, తనకు గానీ హాని చేయాలన్న ఆలోచన వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

డబ్బు, సెలవుల సంగతీ ముందే తేల్చుకోవాలి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సర్ చికిత్సకు వీలుంది. కార్డు, ఆధార్, రిపోర్టులు పట్టుకుని ఆసుపత్రిలోని ఆ పథకం సిబ్బందిని కలవండి. ప్రసూతి సెలవు చట్టం వర్తించే ఉద్యోగినికి మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు ఉంది. తండ్రికి ప్రైవేటు ఉద్యోగంలో అలాంటి చట్టం లేదు కాబట్టి, అతను తన సెలవులను కీమో తర్వాతి తొలి రోజులకు దాచుకోవడం తెలివైన పని.

చివరి మాట బంధువులకు. ‘ఏమైనా కావాలంటే చెప్పండి’ అంటే ఎవరూ చెప్పరు. ‘మంగళవారం రాత్రి వంట మాది’, ‘వచ్చే కీమోకు నేను తోడొస్తా’ అని చెప్పండి. ఆ మాట నిలబెట్టుకోండి.