ఆరడానికి ఆలస్యమెందుకు?

సంక్రాంతి సెలవుల్లో మా యింట్లో తెలుగు భాషకు పెద్ద ఆపద వచ్చిపడింది. తెచ్చినవాడు మా మేనల్లుడు.

వాడు ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. పండక్కి వస్తూ బట్టల పెట్టెతోపాటు ఒక అట్టపెట్టె కూడా మోసుకొచ్చాడు. దాన్నిండా తీగలూ, కందిగింజలంత బల్బులూను. భోజనాల బల్లకు ఈ చివర ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపం, ఆ చివర దాన్ని కనిపెట్టి చూసే ఒక కన్ను అమర్చాడు. దీపం వెలిగితే ఒకటి, ఆరితే సున్న. ఈ ఒకట్లూ సున్నలతో అక్షరాలు పంపడం వాడి ప్రాజెక్టు. సెలవులయ్యాక మొదటిరోజునే కాలేజీలో చూపించాలి. మార్కులు దానిమీదనే ఉన్నాయట.

"మామయ్యా, మీరు తెలుగు మాస్టారు కదా! పంపడానికి ఒక మంచి వాక్యం చెప్పండి" అన్నాడు. "అందరూ క్షేమంగా ఉండాలి" అన్నాను. వాడు మీట నొక్కాడు. దీపం మినుకుమన్నది. అవతలి తెరమీద అక్షరాలు పొల్లుపోకుండా ప్రత్యక్షమయ్యాయి. మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి చూసి సంతోషించింది.

"ఇది మెల్లగా పంపితే. ఇప్పుడు వేగంగా చూడండి" అంటూ వాడు సెకండుకు 5 లక్షల గుర్తుల చొప్పున పంపాడు. తెరమీద ఏ భాషకూ చెందని గజిబిజి వచ్చింది. మళ్ళీ పంపాడు. మరో రకం గజిబిజి.

కంప్యూటరు లెక్క ప్రకారం తెలుగులో ఒక్కొక్క లిపిచిహ్నం పంపడానికి 24 ఒకట్లూ సున్నలూ కావాలి. మనం ఒకే అక్షరమనుకునే 'క్షే'లో నాలుగు చిహ్నాలున్నాయి: క, పొల్లు, ష, ఏత్వం. అంటే 96 గుర్తులన్న మాట! అందులో ఒక్కటి తప్పినా క్షేమం కాస్తా గల్లంతవుతుంది.

"ట్రాన్సిస్టరుకు బలం చాలలేదు, మామయ్యా. ఇంకొంచెం కరెంటు దట్టిస్తాను" అన్నాడు వాడు. దట్టించాడు. మునుపు పదింట నాలుగు అక్షరాలైనా సరిగా వచ్చేవి. ఇప్పుడు ఒక్కటీ రాలేదు.

బలమిస్తే నెమ్మదించే వస్తువా!

బలం పెంచితే వేగం తగ్గడమేమిటి? నాకీ విషయం వింతగా తోచింది. మర్నాడు ఇద్దరమూ మా కాలేజీ ఫిజిక్సు మాస్టారి గుమ్మం తొక్కాం. ఆయన లాబొరేటరీ తాళాలు తెచ్చి, ఆసిలోస్కోపు ముందు మమ్మల్ని కూర్చోబెట్టాడు. విద్యుత్తు పెరగడం, తరగడం తెరమీద గీతగా గీసి చూపించే యంత్రమది.

"చూడండి, తెలుగు మాస్టారూ! పై గీత మీవాడి ఆజ్ఞ. కింది గీత ట్రాన్సిస్టరు చేసిన పని. వెలగమన్న వెంటనే వెలిగింది. ఆరమన్నాక ఏం చేసిందో చూడండి."

చూశాను. పై గీత నిట్టనిలువుగా పడిపోయింది. కింది గీతకు ఆ కబురే అందనట్లున్నది. కాసేపు అలాగే వెలిగి ఉండి, అప్పుడు ఆరింది. కాసేపంటే ఎంత? దాదాపు ఒక మైక్రోసెకండు, అనగా సెకండులో పది లక్షలో వంతు. మనకది లెక్కలోకి రాదు. కాని మావాడు ఒక్కొక్క గుర్తుకూ కేటాయించింది రెండు మైక్రోసెకండ్లే. వెనకటి ఒకటి ఆరేలోగా తర్వాతి సున్న సగం గడిచిపోతున్నది. ఇక కన్ను దేన్ని సున్న అనుకుంటుంది?

ట్రాన్సిస్టరును అమెరికాలోని బెల్ లాబొరేటరీలో 1947 డిసెంబరులో బార్డీన్, బ్రాటెన్ అనే శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. వారికీ, వారితో పనిచేసిన షాక్లీకీ కలిపి 1956లో నోబెల్ బహుమానం వచ్చింది. మావాడు వాడిన రకంలో మూడు పొరలుంటాయి: ఎమిటరు, బేసు, కలెక్టరు. నడిమి పొర అయిన బేసు బహు పలచన. అందులోకి కొద్ది కరెంటు పంపితే, ఎమిటరు నుంచి కలెక్టరుకు ఎన్నో రెట్లు కరెంటు ప్రవహిస్తుంది. ఆ కొద్ది కరెంటు ఆపేస్తే పెద్ద ప్రవాహమూ ఆగాలి. మీట అంటే ఇదే.

ఇది ఎందుకు ఆలస్యంగా ఆగుతుందో ఫిజిక్సు మాస్టారు పెళ్ళిభోజనాల పోలిక తెచ్చి చెప్పారు. పందిట్లో నూరు విస్తళ్ళకే చోటున్నది. పెళ్ళివారు ఉత్సాహం కొద్దీ మూడువందలమందిని లోపలికి తోశారు. నూరుమందీ కూర్చున్నారు, తక్కిన ఇన్నూరుమంది వరసల మధ్య నిలబడ్డారు. ఇందువల్ల వడ్డన ఏమీ పెరగదు. కాని "బంతి లేవండి, రెండో బంతి వేయాలి" అన్నప్పుడు చూడండి తమాషా! ఆ ఇన్నూరుమందీ కదిలితే గాని కూర్చున్నవాళ్ళకు దారి లేదు.

ట్రాన్సిస్టరు సంగతీ అంతే. దీపానికి ఎంత కరెంటు కావాలో అంతే కలెక్టరు గుండా పోతుంది. అంతకు మించి బేసులోకి దట్టించినదంతా లోపల పేరుకుంటుంది. దీన్ని నిండుస్థితి అందాం. ఆరమని చెప్పాక ఈ పేరుకున్న విద్యుత్కణాలన్నీ ఖాళీ అయ్యేదాకా ట్రాన్సిస్టరు వెలిగే ఉంటుంది. మావాడు బలం పెంచినకొద్దీ పేరుకునేది పెరిగింది. ఆరడం ఇంకా ఆలస్యమయింది.

బంగారం చేసిన విషప్రయోగం

ఈ చిక్కు మావాడిదొక్కడిదే కాదు. ట్రాన్సిస్టర్లతో కంప్యూటర్లు కట్టడం మొదలైనప్పటి నుంచీ పెద్ద పెద్ద వాళ్ళను వేధించినదే. కంప్యూటరులో ఒక మీట చెబితే రెండోది, రెండోది చెబితే మూడోది పనిచేస్తాయి. ఒక్కొక్కటీ కాస్త కాస్త ఆలస్యం చేస్తే మొత్తం లెక్క వెనకబడుతుంది.

విరుగుళ్ళలో చమత్కారమైనది బంగారం. బంగారమంటే మనకు మక్కువ కదా. సిలికనుకు మాత్రం అది ఒక రకం విషం. సిలికనులో అతిస్వల్పంగా బంగారం కలిపితే, ఆ పరమాణువులు వలల్లాగా పనిచేసి, పేరుకున్న విద్యుత్కణాలను పట్టి తొందరగా హరించేస్తాయి. లోపలి గుంపు తానే కరిగిపోతుంది. 1961లో ఫెయిర్‌చైల్డు కంపెనీ ఇలా బంగారం కలిపిన చురుకైన సిలికను ట్రాన్సిస్టరును తయారుచేసింది. అలాంటిది కావాలని వెంటబడినవాడు సీమోర్ క్రే అనే కంప్యూటరు నిర్మాత. ఆయన 1964లో వెలువరించిన సి.డి.సి. 6600 ఆనాటికి ప్రపంచంలో అన్నిటికంటె వేగమైన యంత్రం.

అయితే బంగారానికి తన పర భేదం లేదు. పేరుకున్న వాటినే కాక, పనిచేస్తున్న కణాలను కూడా పట్టేస్తుంది. అందుచేత ట్రాన్సిస్టరు బలం తగ్గుతుంది. వేగం ఉచితంగా రాదన్న మాట.

అసలు నింపకుండా ఉంటే?

నిండిపోయాక ఖాళీ చెయ్యడం కంటె, నిండనివ్వకుండా చూడడం మేలు కదా! 1956లో ఇద్దరు ఈ దారి పట్టారు.

ఐ.బి.ఎం. కంపెనీలో యూర్క్ అనే ఇంజనీరు, రెండు ట్రాన్సిస్టర్లను జతచేసి, కరెంటును ఆపకుండా ఒకదాని నుంచి రెండోదానికి మళ్ళించే ఏర్పాటు చేశాడు. ఏదీ నిండదు గనుక రెండూ చురుకుగా మారతాయి. కాని కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉండడం వల్ల వేడి జాస్తి. క్రే తర్వాత కట్టిన క్రే-1 కంప్యూటరు (1976) ఈ రకం మీటలతోనే నడిచింది. దానికి సుమారు 115 కిలోవాట్ల విద్యుత్తు కావలసివచ్చేది. చల్లబరచడానికి ఫ్రియాన్ గొట్టాలు వేశారు. ఆ వంశంలోని క్రే ఎక్స్-ఎంపి యంత్రాన్నే మన దేశం 1980ల చివర వాతావరణ జోస్యం కోసం ఢిల్లీకి తెప్పించుకున్నది.

రెండోవాడు ఎం.ఐ.టి. వారి లింకన్ లాబొరేటరీలోని బేకరు. ఆయన ఉపాయం మన పల్లెటూళ్ళలో ఎవరికైనా అర్థమవుతుంది. చెరువు కట్టకు కలుజు ఉంటుంది. కొన్ని వైపుల అలుగు అంటారు. నీరు ఒక మట్టానికి రాగానే మిగులంతా దాని మీదుగా పొర్లిపోతుంది. బేకరు ట్రాన్సిస్టరుకు డయోడులతో కలుజు కట్టాడు. అవసరానికి మించిన బేసు కరెంటు లోపల పేరుకోకుండా పక్కదారిన కలెక్టరుకు పోతుంది.

ఆ కలుజుకు సరైన మట్టం షాట్కీ డయోడు వల్ల కుదిరింది. జర్మను శాస్త్రజ్ఞుడు వాల్టర్ షాట్కీ పేరిట దానికా పేరు వచ్చింది. మామూలు సిలికను డయోడు తెరుచుకోవడానికి సుమారు 0.6 లేక 0.7 వోల్టు కావాలి. ఇది 0.3, 0.4 దగ్గరే తెరుచుకుంటుంది. కాబట్టి ట్రాన్సిస్టరు నిండేలోగానే మిగులు బయటికి పోతుంది. పైగా షాట్కీ డయోడులో పేరుకునే గుణం లేదు. 1964లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో బయార్డ్ అనే ఇంజనీరు దీన్ని ట్రాన్సిస్టరుతో కలిపి ఒకే వస్తువుగా చెయ్యడానికి పేటెంటు కోరాడు. 1970ల్లో ఈ రకం మీటలు బజారుకు వచ్చాయి. పాత రకంలో ఒక్కొక్క ద్వారానికి 10 నానోసెకండ్లు పట్టేచోట, కొత్త రకానికి 3 సరిపోయింది. నానోసెకండంటే వంద కోట్లో వంతు. ఆ వ్యవధిలో వెలుతురు కూడా ముప్పయి సెంటీమీటర్లే నడుస్తుంది. పాత వేగమే చాలుననుకుంటే, అయిదో వంతు విద్యుత్తుతో పనిచేసే మరో రకమూ వచ్చింది.

ఇప్పటి ఫోనుల్లోనూ కంప్యూటర్లలోనూ ఉండే ట్రాన్సిస్టర్ల జాతి వేరు. వాటిలో ఇలా పేరుకునే బేసు లేదు. వాటి మీట ఒక బుల్లి గిన్నెలాంటిది. విద్యుత్తుతో నిండితే ఒక స్థితి, ఖాళీ అయితే మరొకటి. గిన్నె ఎంత చిన్నదైతే అంత తొందరగా నిండుతుంది. అందుకే వాటిని ఏటేటా చిన్నవి చేస్తూ వచ్చారు. కాని నింపి, ఒంపిన ప్రతిసారీ కొంత వేడి పుడుతుంది. సెకండుకు కొన్ని వందల కోట్లసార్లు ఒంపితే ఆ వేడికి అంతుండదు. సుమారు 2005 నుంచీ కంప్యూటర్ల గడియారపు వేగం మునుపటిలా పెరగకపోవడానికి ముఖ్యకారణం ఇదే.

క్షేమం చేరింది

ఫిజిక్సు మాస్టారు మావాణ్ణి ముందు బేసు కరెంటు తగ్గించమన్నారు. తర్వాత బేసు దారిలోని రెసిస్టరుకు పక్కన ఒక చిన్న కెపాసిటరు కట్టించారు. అది వెలిగేటప్పుడు ఒక్క తోపు తోసి, ఆరేటప్పుడు లోపల ఉన్నదాన్ని వెనక్కి లాగుతుంది. గీత బాగుపడింది గాని పూర్తిగా కాదు. చివరికి సొరుగులోంచి ఒక షాట్కీ డయోడు తీసి, బేసు నుంచి కలెక్టరుకు అతికించమన్నారు. కొద్ది రూపాయల వస్తువు. బియ్యపుగింజకన్న కాస్త పెద్దది.

ఈసారి రెండు గీతలూ దాదాపు ఒకేసారి పడ్డాయి. ఆలస్యం మునుపటిలో పదో వంతు కూడా లేదు.

"దీనికి మాత్రం నష్టం లేదా అండీ?" అని అడిగాను.

"లేకేం! వెలిగి ఉన్నప్పుడు ట్రాన్సిస్టరు మీద వోల్టేజి కాస్త ఎక్కువ మిగులుతుంది. ఆ మేరకు వేడి దండుగ. ఈ పనికి అదొక లెక్కలోది కాదు లెండి" అన్నారాయన.

ఆ రాత్రి భోజనాల బల్ల మళ్ళీ ఖాళీ చేయించాడు మావాడు. సెకండుకు 5 లక్షల చొప్పున వాక్యం పంపాడు. తెరమీద "అందరూ క్షేమంగా ఉండాలి" అని వచ్చింది. వరసగా నూరుసార్లు పంపించాడు. నేను తెలుగు మాస్టారిని కనుక నూరూ దిద్దాను. ఒక్క తప్పూ లేదు.

"ఎక్కువ ఇస్తే ఎక్కువ పనిచేస్తుందనుకున్నాను, మామయ్యా" అన్నాడు వాడు తీగలు చుట్టుకుంటూ.

పండుగ అయిదు రోజులూ వాడి విస్తట్లో వద్దన్నకొద్దీ అరిసెలు వడ్డించిన మా ఆవిడ ఆ మాట విన్నదో లేదో తెలియదు. మర్నాడు బస్సుకు టైమైనా వాడు మాత్రం మంచం మీంచి లేవడానికి ఒక అరగంట ఆలస్యం చేశాడు.